ఆయన కోరిక మీదనే

నా పేరు మీకు చెప్పను. ఊరు మాత్రం దాచను. జహీరాబాద్. ఇక్కడే పుట్టి పెరిగాను. ఉద్యోగమంతా ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో చేసి, రిజిస్ట్రారుగా రిటైరై, మళ్లీ ఇక్కడికే వచ్చాను. బజారులో తెలిసినవాళ్లు 'రిజిస్ట్రార్ సాబ్' అని పిలుస్తారు. వాళ్లకది మర్యాద. నేను మాత్రం ఆ పిలుపు చెవిన పడ్డప్పుడల్లా పిలిచినవాళ్ల ముఖంలో వెతుకుతాను. ఎవరికైనా తెలిసిపోయిందా? ఆ మాటలో వెటకారం ఉందా? ఏళ్ల తరబడి ఈ బరువు మోస్తున్నాను. మోసీ మోసీ అలవాటవుతుందనుకున్నాను. అలవాటు కాలేదు.

నేను లంచం తినలేదు. ఎవరినీ కొట్టలేదు. ఒక ఆదివారం పొద్దున, టీ తాగుతూ, రెండు మాటలు మాట్లాడాను. మొదటి మాట నిజం. రెండోది అబద్ధం. అంతే. అంతేనా?

ప్రభుదాస్ గురించి ముందు చెప్పాలి. వాళ్లది రాయికోడ్ వైపు పల్లె. అమ్మానాన్నలు కూలికి పోయి చదివించారు. మాకేమో భూములుండేవి. పీజీ హాస్టల్లో ఇద్దరికీ ఒకే గది దొరికింది. అప్పటి నుంచి 'అరే', 'ఒరే' అనుకునే చనువు. ఇద్దరం అదే విశ్వవిద్యాలయంలో లెక్చరర్లుగా చేరాం. అతను వృక్షశాస్త్రం, నేను రసాయనశాస్త్రం. తర్వాత అతను రిజిస్ట్రార్ అయ్యాడు. వాళ్ల పల్లె నుంచి జనం జీపులో వచ్చి ఆఫీసు గది గడప దాటడానికి జంకుతూ నిలబడ్డారు. అతనే బయటికి వచ్చి ఒక్కొక్కరినీ చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయాడు. నేనప్పుడు డీన్‌ని. సంతోషించాను. నిజంగానే సంతోషించాను. ఇప్పుడు ఈ మాట రాస్తుంటే నాకే నమ్మకం కలగడం లేదు గానీ, నిజం.

ఒకరోజు సాయంత్రం క్యాంపస్‌లో నడుస్తూ ఉన్నట్టుండి ఆగి కుడిచెయ్యి నా ముందు చాపాడు. వేళ్లు సన్నగా వణుకుతున్నాయి.

"వణుకుడు రోగమట. డాక్టర్ మందులు మొదలుపెట్టిండు. సుగుణకు తప్ప ఇంకెవలకు ఎర్కలేదు. నీకు చెప్తున్న," అన్నాడు. సుగుణ అతని భార్య. "పని చేసే తాకత్ ఉన్నన్ని దినాలు చేస్త. అది పోయిననాడు ఎవలు చెప్పక ముందే దిగిపోత. అప్పటిదాంక నీ నోట్ల నుంచి మాట రావద్దు."

రాదన్నాను. అతని చేతిని నా రెండు చేతుల్లోకి తీసుకుని మరీ అన్నాను.

తర్వాత కొద్ది నెలలకే కొత్త వైస్ ఛాన్సలర్ వచ్చారు. వేరే ప్రాంతం మనిషి. మెత్తగా మాట్లాడేవారు. వచ్చిన కొన్నాళ్లకే పైస్థాయి పదవులన్నీ కొత్తగా అమరుస్తానని ప్రకటించారు. కొన్ని డీన్ పదవులు కలిపేస్తారు, కొందరిని దూరపు పీజీ సెంటర్లకు పంపుతారు, కొత్త జట్టుతో పాలన నడుస్తుంది. అంతే, మా భవనంలో గాలి మారిపోయింది. నిన్నటిదాకా భుజం మీద చెయ్యి వేసి మాట్లాడినవాళ్లు తలుపులు దగ్గరకు వేసుకుని మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. నేను గదిలోకి పోతే మాటలు ఆగిపోయేవి. నా డీన్ పదవి కలిపేసేవాటిలో ఉందని, కొత్త జట్టులో నా పేరు ఎక్కడా లేదని తెలిసింది.

ఆ రోజుల్లో నాకు పట్టుకున్న భయాన్ని ఎట్లా చెప్పాలి? జీతం పోదు. ఉద్యోగం పోదు. మళ్లీ మామూలు ప్రొఫెసర్‌గా క్లాసు చెప్పుకుంటాను, అంతే కదా? కానీ కారు ఉండదు. గది ముందు బంట్రోతు ఉండడు. పెళ్లిళ్లలో ముందు వరుసలో కూర్చోబెట్టరు. ఇంత చిన్న విషయాలకా మనిషి అంతగా వణికిపోయేది? వణికిపోయాను. అన్నం సయించేది కాదు. అద్దంలో చూసుకుంటే ఎవరో నన్ను అప్పటికే తీసిపారేసినట్టు కనిపించేది.

ఆ ఆదివారం వీసీ నన్ను క్వార్టర్స్‌కు పిలిచారు. అదీ ఇదీ మాట్లాడి, "ప్రభుదాస్ గారిని కదపాలని నాకు లేదు. మంచి రిజిస్ట్రార్. మీరు పాత స్నేహితులు కదా, మీరేమంటారు?" అని అడిగారు.

'మంచివాడు సార్, ఉంచండి' అంటే అయిపోయేది. ఒక్క మాట. ఎన్నిసార్లు మనసులో ఆ మాట అన్నానో లెక్కలేదు.

"ఆయనకు ఒంట్లో బాగాలేదండీ," అన్నాను. జబ్బు పేరు కూడా చెప్పాను. ఇది నిజం. వీసీ ముఖంలో జాలి కనిపించింది. కానీ జాలి మాత్రమే. జాలిపడి, ఇంకా బాగా చూసుకోవాలని అనుకుంటారేమోనని నాకు భయమేసింది. అందుకే రెండో మాట అన్నాను. "ఆయనకే దిగిపోవాలని ఉందండీ. అడగడానికి మొహమాటపడుతున్నారు. నేను చెప్పినట్టు మాత్రం తెలియనివ్వకండి."

"అయ్యో పాపం. అయితే మనమే గౌరవంగా వదిలేద్దాం," అన్నారాయన.

ఆయన మంచితనాన్నే కత్తి చేసి వాడుకున్నాను.

సమావేశంలో కొత్త జట్టును ప్రకటించారు. "ప్రభుదాస్ గారిని, ఆయన కోరిక మీదనే, ఈ బాధ్యత నుంచి తప్పిస్తున్నాం," అన్నారు వీసీ. ఎంతో ప్రేమగా అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. ప్రభుదాస్ నోరు కొద్దిగా తెరుచుకుంది. 'నేను కోరలేదు' అంటే, మరి ఎందుకన్నారో తేలాలి. తేలితే జబ్బు సంగతి అందరి ముందూ బయటపడాలి. నోరు మూసుకున్నాడు. చేతులు రెండూ బల్ల కిందికి పోయాయి. తర్వాత కొత్త రిజిస్ట్రార్‌గా నా పేరు చదివారు. మొదట లేచి వచ్చి నన్ను కౌగిలించుకున్నది అతనే.

అతన్ని స్పెషల్ ఆఫీసర్‌గా పంపింది ఎక్కడికో తెలుసా? జహీరాబాద్ పీజీ సెంటర్‌కు. "నీ ఊరికే పంపిన్రు పోరా, మంచిగనే అయింది," అని నవ్వాడు. మా ఇంటికి రెండు సందుల అవతలే ఇల్లు తీసుకున్నారు. మా వాళ్లే పాలు, కూరగాయలు అన్నీ కుదిర్చారు. నేను సెలవుల్లో ఊరికి వచ్చినప్పుడల్లా చూడబోయేవాణ్ని. పోకపోతే అనుమానిస్తాడేమోనని పోయేవాణ్ని.

ఒక రోజు వాళ్లు చర్చి నుంచి వచ్చాక మేమిద్దరం వాళ్ల వాకిట్లో కూర్చున్నాం. సుగుణ వంటింట్లో ఉంది. అతను గొంతు తగ్గించాడు.

"ఒకటి అడుగుత, నిజం చెప్పు. నా బీమారి సంగతి ముగ్గురికే ఎర్క. నాకు, సుగుణకు, నీకు. నేను వచ్చేటప్పుడు వీసీ 'ఆరోగ్యం జాగ్రత్త' అన్నడు. మరి ఆయనకు ఎట్ల తెలిసింది?"

అయిపోయింది, ఇక దాగదు అనుకున్నాను. అతను నా ముఖం వైపు చూడలేదు. వంటింటి వైపు చూశాడు.

"నన్ను దించక ముందటి వారమే సుగుణ, వీసీ సార్ భార్య ఒక మీటింగ్‌ల పక్కపక్కన కూసున్నరు. ఈమెనే చెప్పింది. నన్ను దించుమని బతిలాడింది."

"అడిగినవా?"

"అడిగిన. బైబిల్ మీద చెయ్యి పెట్టి ఒట్టేసింది. నమ్మబుద్ధి అయితలేదు. నువ్వు చెప్పు, ఇంకెవలు చెప్తరు?"

ఆ క్షణం నాకు ఇంకా కళ్లముందే ఉంది. లోపల గిన్నెల చప్పుడు. వీధిలో చెరకు ట్రాక్టర్ ఒకటి మెల్లగా పోతోంది. అది మలుపు తిరిగేదాకా నాకు సమయం దొరికింది. చెప్పడానికి కావలసినంత సమయం.

"ఆడోళ్లు భయపడ్తరు రా," అన్నాను. "నీ మీద ప్రేమతోని, పావురంతోనే చెప్పి ఉంటది. మనసుల పెట్టుకోకు."

ఏది పెద్ద తప్పు? పదవి కోసం ఆడిన అబద్ధమా, ఇదా? మొదటిది భయంలో జారిందని నాకు నేను సర్దిచెప్పుకోగలిగాను. రెండోసారి? ఆమె లోపల మా కోసమే వండుతోంది. నేను ఆమె చేతి అన్నం తిని వచ్చాను.

మనసులో పెట్టుకోవద్దంటే ఎవరు పెట్టుకోకుండా ఉంటారు? అతను ఆమెతో మాటలు తగ్గించాడు. పోట్లాట లేదు, కేకల్లేవు. ఆమె పెట్టింది తినేవాడు, ఇచ్చిన గోలీ మింగేవాడు, చొక్కా బొత్తాలు పెట్టుకోలేని రోజులు వచ్చాక ఆమె పెడుతుంటే గోడ వైపు చూసేవాడు. ఒకసారి ఆమె నన్ను గేటు దగ్గర ఆపింది. "అన్నా, మీ మాట వింటడు. నేను చెప్పలేదని జర మీరన్న చెప్పుండ్రి," అంది. చెప్తానన్నాను. చెప్పలేదు. చెబితే 'మరి ఎవరు?' అన్న ప్రశ్న మళ్లీ లేస్తుంది. ఆ ప్రశ్నంటే నాకు చావంత భయం.

ప్రభుదాస్ ఆ అనుమానంతోనే పోయాడు.

సమాధుల దగ్గరికి ఆ వీసీ కూడా వచ్చారు. అప్పటికి ఆయన రిటైరయ్యారు. ప్రార్థన అయ్యాక సుగుణ దగ్గరికి పోయి చేతులు జోడించారు. "ఎంత నిగర్వి అమ్మా. పదవి వదులుకుంటానని తానే..." అని మొదలుపెట్టారు. ఆమె తల ఎత్తింది. నేను జనాన్ని తోసుకుంటూ పోయి ఆయన మోచెయ్యి పట్టుకున్నాను. "సార్, ఆమె మాట్లాడే స్థితిలో లేదు, రండి," అంటూ దాదాపు ఈడ్చుకుపోయి కారెక్కించాను. ఆయన నన్ను వింతగా చూశారు. స్నేహితుడి శవపేటిక మీద ఇంకా మట్టి పూర్తిగా కప్పలేదు. నేను కారు కంటికి కనబడకుండా పోయేదాకా రోడ్డు మీద నిలబడి, హమ్మయ్య అనుకున్నాను. నా దుఃఖమంతా ఆ హమ్మయ్యలో ఎటు పోయిందో.

ఆ తెగిపోయిన మాట సుగుణ మరిచిపోలేదు. రిటైరై నేను ఊళ్లో స్థిరపడ్డాక ఒకరోజు దవాఖాన దగ్గర కనిపించి, "అన్నా, ఆ వీసీ సార్ మన దిక్కు పెళ్లికి వస్తున్నరట. కోహీర్ల. పోయి అడుగుత. ఎవలు చెప్పిన్రో తెల్వకుంట నేను సావలేను," అంది.

రెండు రోజులు ఇంట్లో పిచ్చివాడిలా తిరిగాను. ఏదో సాకు చెప్పి ఆపాలా? వీసీకి ఫోన్ చేయాలా? ఆయనకు వయసు మీద పడింది, మరిచిపోయి ఉంటారా? ఇదంతా ఆలోచించాకనే ఆమె ఇంటికి పోయాను. నన్ను ధైర్యవంతుడు అనుకోకండి. ఆయన నోటి నుంచి వినే కంటే నా నోటి నుంచి వింటే తక్కువ నష్టమని లెక్కవేసుకుని పోయాను.

ఆమె వరండాలో కూర్చుని అల్లం మీది మట్టి కడుగుతోంది. నిలబడే చెప్పాను. కూర్చోమన్నా కూర్చోలేదు. టీ తాగుతూ అన్న మాటలు, వాకిట్లో అన్న మాట, అన్నీ చెప్పాను. తిడుతుందనుకున్నాను. కేకలు వేస్తే సందులో వాళ్లంతా వస్తారని, ఆ సమయంలో కూడా, గేటు వైపు చూశాను.

ఆమె చేతులు నీళ్లలోనే ఆగిపోయాయి.

"నాకెందుకు చెప్తున్రు? నేను చెప్పలేదని నాకు ఎర్కనే గదా."

ఆమె చేతిలోని అల్లం నీళ్లలో వదిలేసింది.

"ఆయనకు చెప్పాలె. ఆయన బతికున్నప్పుడు చెప్పాలె," అంది. తర్వాత, "పొండ్రి," అంది.

క్షమించమని అడగలేదు. వచ్చేశాను.

ఆమె కోహీర్ పెళ్లికి పోలేదని తర్వాత తెలిసింది. ఎవరితోనైనా చెప్పిందో లేదో తెలియదు. రేపు చెప్పవచ్చు. మా పిల్లలకే ఫోన్ చేసి చెప్పవచ్చు. గేటు చప్పుడైతే ఇప్పటికీ ఉలిక్కిపడతాను. భయం పోలేదు, పోతుందన్న ఆశా లేదు. కానీ మీకు ఇదంతా చెప్పాక ఊపిరి కొంచెం లోతుగా అందుతోంది. దానికి నేను అర్హుణ్నా? కాదేమో.

నిన్న ఆమె సందులో ఎదురైంది. చూసింది. పలకరించలేదు. నేను పక్కకు జరిగి దారి ఇచ్చాను. ఆమె దాటిపోయేదాకా ఆ చూపు తప్పించుకోకుండా, తల దించుకోకుండా నిలబడ్డాను.