గుంజలు పీకిన చోటు

గ్లెనిస్ హాప్‌టన్ నోటికి జడవని మనిషి మా వీధిలో లేడు. పక్కింటిదాన్ని గనక అందరికంటే ఎక్కువ తిట్లు తిన్నది నేనే. గ్లెనిస్ గొర్రెల బొచ్చు కత్తిరించే ముఠాకు వండిపెట్టే ఆవిడ కడుపున పుట్టింది. పంతొమ్మిదో ఏట కీత్‌ని చేసుకుని, తీరానికి బాగా దూరంగా, లోపలి ఎర్రనేలల్లో గొర్రెల ఎస్టేటులో ఇరవై రెండేళ్లు కాపురం చేసింది. పొరుగిల్లు ఎనభై కిలోమీటర్ల దూరం. తొలి కాన్పులో కొడుకు పుట్టి తొమ్మిది రోజులు బతికాడు. లయల్ అని పేరు పెట్టుకున్నారు. వరదకు దారి తెగి పాస్టరు రాలేకపోతే కీత్ గొయ్యి తవ్వాడు, ఆమె ప్రార్థన చదివింది. గొర్రెలు తొక్కకుండా నాలుగు మూలలా ఇనుప గుంజలు పాతి తీగ చుట్టారు. ఆ ఎస్టేట్లలో పసివాళ్ల సమాధులన్నీ అంతే. రాయి తర్వాత పెట్టుకోవచ్చులే అనుకుంటారు.

చివరికి ఆ ఎస్టేటును ప్రభుత్వం కొని నేషనల్ పార్కులో కలిపేసింది. గొర్రెలు పోయాయి. కంచెలు తీసేసే పని కీత్ తనే ఒప్పుకున్నాడు. "నేను పాతిన గుంజ ఇంకోడు పీకడమేంటి?" అన్నాడట. గ్లెనిస్ మిగతా పిల్లలతో ముందే వచ్చేసింది, అతనికి ఆ పనికి ఏడాది పట్టింది. వాళ్లు సముద్రం ఒడ్డున మా ఊళ్లో స్థిరపడ్డాక గ్లెనిస్ ఆ సంగతే గొప్పగా చెప్పుకునేది. "మా ఆయన కంచె పీకితే గుంత ఎక్కడుండేదో పీకినోడికే తెలీదు" అనేది.

సమాధి చూసొద్దామని ఆమె ఎప్పుడడిగినా కీత్‌ది ఒకటే మాట, "ఎండలు తగ్గనీ." ఎండలు తగ్గితే దారి బాలేదనేవాడు. ఇరవై ఆరేళ్లు అలా నెట్టుకొచ్చి, ఒకనాడు గుండె ఆగి పోయాడు. మూడో నెలలో గ్లెనిస్ పిల్లాడి పేరు చెక్కించిన రాయి ఒకటి నా బండి వెనక పెట్టించింది.

"పదవే బెరిల్. నువ్వు నడుపు, నాకు కళ్లు ఆనట్లేదు."

"అడిగేదేం లేదా?"

"అడిగితే వంద సాకులు చెప్తావు. నీ సంగతి నాకు తెలీదా."

నేరుగా వెళ్తే రెండు రోజుల దారి. ముందు తీరం వెంబడి ఉన్న ఇంకో పార్కుకి పోదామంది. రోజూ సముద్రం చూసే దానికి మళ్లీ సముద్రమేంటని విసుక్కున్నాను. ఇసుకలో దిగబడకుండా టైర్లలో గాలి తీస్తుంటే నెత్తిమీద నిలబడి సతాయించింది. "ఇంకా తియ్యి. ఏంటా సుతారం? అది టైరే, గాజుగిన్నె కాదు." మూడు రోజులు కొండచరియల కింద కూర్చుని టీ తాగాం. నాలుగో రోజు కూడా "ఇవాళ్టికి ఉందాంలే" అంది. దానికి భయమేస్తోందని అప్పటికిగానీ నా మట్టిబుర్రకు ఎక్కలేదు. ఇంకో కప్పు టీ పోశాను.

లోపలి దారిలో ఎదురొచ్చిన ప్రతి బండికీ స్టీరింగు మీంచి ఒక వేలు లేపాలి. అది మా మర్యాద. ఆరు గంటల్లో నాలుగు బండ్లు ఎదురయ్యాయి. నాలుగింటికీ గ్లెనిస్సే వేలు లేపింది.

సమాధికి ఆనవాలని గ్లెనిస్ చెప్పిన సున్నపురాతి దిబ్బ కనబడింది. పాత నీళ్ల ట్యాంకూ కనబడింది. ట్యాంకు దగ్గర్నుంచి ఉత్తరంగా అరవై అడుగులు వేసింది. వెనక్కొచ్చి మళ్లీ వేసింది. ఎటు చూసినా ఎర్రమట్టి, ముళ్లగడ్డి. గుంజ లేదు, తీగ ముక్క లేదు. రెండు రోజులు వెతికాం. డెబ్బైకి దగ్గరపడ్డ మనిషి మోకాళ్ల మీద పాకుతూ మట్టి తడిమింది.

"నా కళ్లు సరిగా లేవు, నువ్వన్నా చూడవే" అని కసిరింది. నా కళ్లు బాగానే ఉన్నాయి. చూడటానికి అక్కడేం లేదు.

మూడో రోజు పార్కు రేంజరు టామ్సిన్ వచ్చింది. మంచి పిల్ల. సంగతి విని, ఎస్టేటు అప్పగించినప్పటి కాగితాలు ఆఫీసులో వెతికి తెచ్చింది. తీసేయకుండా ఉంచాల్సినవేవో అప్పగించే మనిషి తన చేత్తో రాసివ్వాలట. కీత్ రాసిచ్చాడు. బావులు తొమ్మిది. షెడ్డు ఒకటి. సమాధులు లేవు.

"ఇందులో ఉంటే ఎవరూ ముట్టుకునేవాళ్లు కాదమ్మా" అంది టామ్సిన్. "పక్క ఎస్టేటులో సమాధుల కంచెలకి ఏటా మేమే రంగేస్తాం."

గ్లెనిస్ కాగితాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది. "రాత కీత్‌దే" అంది.

రాయి ఎక్కడో ఒకచోట పెట్టుకోండి, నేను చూడనట్టే ఉంటానంది ఆ పిల్ల.

"వాడు లేని చోట వాడి పేరు పెట్టి ఎవర్ని మోసం చెయ్యను?" అంది గ్లెనిస్. రాయిని బండిలోంచి దించనివ్వలేదు.

కీత్ మరిచిపోయాడా? అది రాయడానికి చెయ్యి రాలేదా? నాకు తెలియదు. పోయినవాణ్ని తిట్టకూడదంటారు. కానీ సొంత బిడ్డకు గొయ్యి తవ్వినవాడికి కాగితం మీద ఒకటి అంకె వెయ్యడం అంత బరువైందా అని నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. మైళ్ల కంచె పీకాడు, సరే. ఆ నాలుగు గుంజల దగ్గర చేతులెలా ఆడాయి? పీకి, గుంతలు పూడ్చి, ఇంటికొచ్చి భార్య వండింది తిన్నాడు.

తిరుగుదారిలో ఆమె నన్ను ఒక్క మాట తిట్టలేదు. ఎదురు బండ్లకు వేలూ లేపలేదు. ఊరు గంట దూరంలో ఉండగా నోరు విప్పింది.

"నేను పోతే కీత్ పక్కన పెట్టనివ్వకు. కాల్చి, ఆ బూడిద ఆ దిబ్బ చుట్టూ చల్లించు. అంతటా చల్లించు. ఎక్కడో ఒకచోట నా పిల్లాడి మీద పడతాను."

సరేనన్నాను. ఎనిమిది నెలలకు గ్లెనిస్ పోయింది. చర్చి బయట ఆమె చిన్న కొడుకు వార్విక్‌ని పక్కకు పిలిచి చెప్పాను.

"అమ్మ సంగతి మీకు తెలుసు కదా ఆంటీ, కోపంలో ఏదో అని ఉంటుంది" అన్నాడు. "నాన్న పక్కన చోటు ఎప్పుడో తీసిపెట్టుకున్నాం."

కోపంలో అన్నది కాదని గట్టిగా చెప్పాల్సింది. చుట్టూ జనం ఉన్నారు, పాస్టరు పిలుస్తున్నాడు. ఇంత నోరున్నదాన్ని, ఆ పూట నోరు మూసుకున్నాను. గ్లెనిస్‌ని కీత్ పక్కనే దించారు.