మీకు నచ్చని పేజీ ఏదండీ?

మా మేడమ్ పోయిన్రని తెలిసినప్పుడు నేను తెల్లాపూర్ల ఒక అపార్ట్‌మెంట్ గేటు కాడ నిలబడి ఉన్న. లోపలికి పంపమని వాచ్‌మెన్‌ను బతిమాలుతున్న. చేతిల ఫోను మోగింది, చూస్తే డిపార్ట్‌మెంట్ గ్రూపుల వార్త. పొద్దున ఇంట్ల గుండె నొప్పొచ్చిందట, దవాఖానకు తీస్కపోయే లోపలనే ప్రాణం పోయిందట. దాని కింద వరుసగ దండం పెట్టే చేతుల బొమ్మలు. నేను ఆ గేటు పక్కనే గట్టు మీద కూలబడ్డ. అప్పటిదాంక నన్ను కసురుకున్న వాచ్‌మెనే మంచినీళ్లు తెచ్చిచ్చిండు.

సరిగ్గ ఏడ్వను గూడ లేదు, ఆఫీసు నుంచి ఫోను. నీ గైడ్ పోయిన్రు కదమ్మా, కొత్త గైడ్ కోసం అర్జీ పెట్టుకో, లేటైతే నీకే పరేషాన్ అన్నడు క్లర్కు. మేడమ్ ఇంకా దవాఖాన నుంచి ఇంటికి చేరలే, ఆమె జాగల ఇంకొకరిని పెట్టుడు మొదలైంది. క్లర్కు చెప్పింది తప్పు కాదు, అది ఆయన డ్యూటీ. కానీ ఆ మాటతోని లేచిన కోపం ఇంతవరకు దిగలే. ఇది రాస్తుంటే గూడ దిగలే. ఎక్కడన్న నోరు జారితే మన్నించుండ్రి.

మేడమ్ గోదావరి దిక్కు మనిషి. ఎన్నేండ్ల కింద ఈ పట్నం వచ్చిన్రో గానీ, 'అండీ' మాత్రం వదల్లే. మీటర్ వెయ్యని ఆటో ఆయన్ని తిట్టినా అండీ అనే తిట్టేటోళ్లు. ప్రగతి నగర్ల చెరువు దగ్గర్నే ఒక ఫ్లాటు. పొద్దుగాల ఆ చెరువు చుట్టూ నడిచి, దాంట్ల పెరిగిన గుర్రపుడెక్కను తిట్టి, బస్సెక్కి వచ్చేటోళ్లు. బస్సుల సీటు దొరికితే మా చాప్టర్లు చదువుకుంట, దొరక్కపోతే నిలబడే చదువుకుంట. పెన్సిల్ చెక్కినకాడ పొట్టు ఆమె కొంగుకు అంటుకోని ఉండేది, మేం చెప్పేదాంక చూసుకునేటోళ్లు కాదు.

నాది తెల్లాపూర్ పక్క ఊరు. మా ఊరోళ్ల పొలాల మీదనే ఇయ్యాల ఆ అపార్ట్‌మెంట్లు లేచినయి. ఆ ఫ్లాట్లల్ల బోళ్లు తోమే ఆడోళ్ల మీద నా రీసెర్చి. వాళ్లల్ల సగం మంది నాకు వరసైతరు. మొదటి చాప్టర్ రాసి, నా అంత గొప్పోళ్లు లేరనుకోని మేడమ్‌కు ఇచ్చిన. మర్నాడు పిలిచి కూసోబెట్టిన్రు.

"ఇంత రాశావు, ఆవిడ పొద్దున్న ఏం తిని పనికొస్తుందో ఒక్క ముక్క లేదేంటమ్మాయ్?"

నాకు మస్తు కోపమొచ్చింది. జీతాల గురించి రాసిన, గేటు పాసుల గురించి రాసిన, పనోళ్లకు పెట్టిన వేరే లిఫ్టు గురించి రాసిన, తిండి గురించి ఎందుకు? అయినా మళ్లీ పోయిన. మా పెద్దమ్మ వరసామెను అడిగితే నవ్వింది. ఏముంటది బిడ్డా, మూడో ఇంట్ల వాళ్ల టిఫిన్లయినంక మిగిలింది ఇస్తరు, అప్పటిదాంక ఛాయే అన్నది. ఆ వెంబడే, అడగకుండనే, "గిప్పుడు ఫ్లాట్లోళ్ల పిల్లలు ఈత కొడుతున్నరు చూడు, గాడ్నే మా మక్కచేనుండె" అన్నది. అండ్లకెల్లి పచ్చి కంకులు విరుసుకోని కాల్చుకోని తినేటోళ్లట. నా థీసిస్‌ల మంచి చాప్టర్ ఏదన్నా ఉన్నదంటే అది ఆ ఒక్క ప్రశ్న నుంచి పుట్టింది.

ఇంత చదివే మనిషి గనుకనే మాకు కష్టాలొచ్చినయి. ప్రతి పీహెచ్‌డీ స్టూడెంటుకు ఒక కమిటీ ఉంటది. గైడు, ఇంకా కొందరు ప్రొఫెసర్లు. ఆరు నెలలకోసారి కూసోని, మేం రాసింది చదివి, దారి తప్పితే చెప్పాలె. కాయిదం మీద మాట అది. నిజంగ జరిగేదేందంటే, వస్తరు, ఛాయ్ తాగుతరు, బాగుందమ్మా కానియ్ అంటరు, సంతకం పెడ్తరు. ఛాయ్ కప్పు కింద పెట్టుకునేది మా కాపీనే. పోయేటప్పుడు ఆ కాపీలు బల్ల మీదనే ఉంటయి, మీద గుండ్రటి మరకలతోని.

నా మొదటి కమిటీల ఒక పెద్ద సారు, చాలా బాగుంది, సంతృప్తికరంగ ఉంది అని పెన్ను తీసిండు. మేడమ్ ఆపిన్రు.

"సార్, మీకు నచ్చని పేజీ ఏదండీ?"

ఆయన నవ్విండు. అన్నీ నచ్చినయి మేడమ్ అన్నడు. పక్కాయనను అడిగిన్రు, ఆయనదీ అదే జవాబు. అయితే చదివాక మళ్లీ కలుద్దామండి అని మేడమ్ లేచి నిలబడ్డరు. మీటింగ్ బంద్. ఆ కాపీలన్నీ ఏరుకోని, ఒక్కొక్కరి గదికి పోయి, కుర్చీల పెట్టి వచ్చిన్రు. బల్ల మీద ఎందుకు పెట్టలేదని అడిగితే, బల్ల మీద పెడితే దుమ్ము పడుతుంది, కుర్చీలో పెడితే కూర్చోడానికైనా చేత్తో తియ్యాలి కదమ్మా అన్నరు.

వినటానికి బాగనే ఉంటది. నా జాగల ఉండి చూడుండ్రి. పెద్దోళ్లు చదవలేదని నా మీటింగ్ ఆగుతది. మళ్లీ తారీఖు దొరకాలంటే నెలలు. పక్క గైడు కింద నాతోపాటు చేరిన దోస్తులు సమోసాలు పంచి, శాలువా కప్పుకోని ఫోటోలు దిగి పోయిన్రు. నేను అక్కడ్నే. ఫెలోషిప్ అయిపోయింది, హాస్టల్ ఖాళీ చెయ్యమన్నరు, నిజాంపేటల ఒక రూంల నలుగురితోని కిరాయికి ఉన్న. మా అమ్మ, పొయ్యి మీద పెట్టినంక ఎంతసేపు ఉడుకుతదే నీ చదువు అని అడుగుడు మొదలుపెట్టింది.

ఒక సాయంత్రం ప్రగతి నగర్ చెరువు గట్టు మీద మేడమ్‌తోని కొట్లాడిన. కొట్లాటనే, ఇంకో మాట లేదు. వాళ్లు చదవకపోతే శిక్ష నాకెందుకు మేడమ్, వాళ్లను ఏం చెయ్యలేక నన్ను ఆపుతున్నరు అన్న. నడుస్తున్నామె ఆగిన్రు. నిజమేనమ్మా అన్నరు. ఆ ఒప్పుకునుడే నన్ను ఇంకా మండించింది. నిజమని తెలిసినంక సంతకం పెట్టియ్యొచ్చు కదా!

చెరువు దిక్కు తిరిగి ఇట్ల అన్నరు. "నా థీసిస్ ఎవరూ చదవలేదమ్మాయ్. అందరూ మెచ్చుకున్నారు, దండ వేశారు. అది మంచిదో కాదో నాకు ఇప్పటికీ తెలీదు. నీతో పని మానుకుని మాట్లాడిన ఆ అమ్మల మాటలు కనీసం నలుగురైనా చదవాలా వద్దా?"

బస్సుల ఇంటికొచ్చినంక గూడ ఆమె మీద కోపం పోలే. ఆమె మాట తప్పని గూడ అనలేకపోయిన. చదవనివాడి మెప్పు తిట్టుతో సమానం అనేటోళ్లు మేడమ్. తిట్టయినా సరే డిగ్రీ చేతికొస్తే చాలని నేను అనుకునేదాన్ని.

మేడమ్ పోయిన కొన్ని రోజులకే నాకు కొత్త గైడ్ వచ్చిండు. మంచి మనిషే. మొదటి రోజే, ఫికర్ చెయ్యకు, ఈ నెలల్నే పంపించేద్దాం అన్నడు. నాకు ఒక కాలేజీల లెక్చరర్ నౌకరీ మాటయి ఉన్నది, కాలేజీ తెరిచే లోపల థీసిస్ ఇచ్చేస్తేనే. ఇన్నేండ్లు నేను దేని కోసం ఏడ్చిన్నో అది ఇంత సులువుగ దొరికింది.

ఆఖరి కమిటీ కూసున్నది. మేడమ్ ఫోటోకు ఒక నిమిషం మౌనం. దాని వెంబడే ఛాయ్. పెద్ద సారు అదే మాట, చాలా బాగుంది, మీ మేడమ్ ఆత్మ శాంతిస్తది అన్నడు. పెన్నులు బయటికొచ్చినయి. నా కాపీల మీద కప్పులు. కప్పుల కింద నాకు అట్ట తప్ప ఏం కనబడలేదు గానీ, ఆ లోపల ఏ పేజీల ఏమున్నదో నాకు తెలుసు. మా పెద్దమ్మ మక్కచేను ఉన్నది. మూడో ఇంటిదాంక కడుపుల ఒట్టి ఛాయే ఉన్నది.

నౌకరీ యాదికొచ్చింది. అమ్మ యాదికొచ్చింది. నోరు మూసుకో, నోరు మూసుకో అని నాకు నేనే చెప్పుకున్న.

"సార్, మీకు నచ్చని పేజీ ఏదండీ?"

అండీ అని నేనెన్నడు అనను. ఆ దినం అదే వచ్చింది నోట్లకెల్లి.

కొత్త గైడ్ బల్ల కింద నా కాలును తన కాలుతోని తట్టిండు. పెద్ద సారు మొఖం ఎర్రబడ్డది, నీకు పిచ్చి పట్టిందా అంటడనుకున్న. అనలే. పెన్ను జేబుల పెట్టుకున్నడు. పక్కాయన గడియారం చూసుకోని, పది రోజులైనంక కూసుందాం అన్నడు గొణిగినట్టు. నౌకరీ సంగతి ఇగ ఆ పైవాడికే తెలువాలె. అందరు లేచిపోయిన్రు.

మేడమ్ లెక్క నేను బల్ల దగ్గరికి పోయిన, కాపీలు ఏరుకుందామని. కప్పులున్నయి, వాటి కింద కాపీలు లేవు. పెద్ద సారు గూడ తీస్కపోయిండు. ఒక్కటి మాత్రం మిగిలింది, అది నా కొత్త గైడ్‌ది. కప్పు తీసి, కొంగుతోని మరక తుడిచి, ఆయన గదికి తీస్కపోయిన. తలుపు తెరిచే ఉంది, ఆయన లేడు. బల్ల మీద జాగ మస్తున్నది. నేను దాన్ని కుర్చీల పెట్టి వచ్చిన.