మిట్టమధ్యాహ్నపు కొలత

ఎండకు కరెంటు తీగ సాగి కిందికి దిగుతుందని దయానందానికి తమ్ముడి చావే నేర్పింది. తొంభై ఆరులో సూపర్‌వైజర్ కామరాజు పొద్దున తీగ ఎత్తు కొలిపించి, ట్రైలర్ మీది లోడును మధ్యాహ్నం కదిలించాడు. తీగ తగిలి, లోడు మీద కూర్చున్న తమ్ముడు రిచర్డ్ అక్కడే మాడిపోయాడు. తప్పంతా రిచర్డ్‌దేనని కామరాజు రాసిచ్చాడు.

ఆ తరువాత దయానందం ట్రైలర్ల ముందు నడుస్తూ, కణుపు కణుపుగా పొడవయ్యే ఫైబర్ కర్రతో తీగల ఎత్తు కొలిచే పనిలోనే చేరాడు. అతను ఊఁ అంటేనే బండి కదలాలి. తొమ్మిదేళ్ళు కాచుకున్నాక, కూర్మన్నపాలెం దగ్గర కామరాజు లోడు దొరికింది. సాయంత్రానికి అది పోర్టులో ఓడకెక్కాలి.

పొద్దునే కొలిస్తే దాటిపోయేదే. దయానందం తీరిగ్గా రెండు టీలు తాగి, ఎండ నడినెత్తికి వచ్చాక కర్ర ఎత్తాడు. లోడుకీ తీగకీ మధ్య ఉండాల్సిన ఖాళీకి జానెడు తక్కువైంది.

“పోదు సార్. కరెంటోలొచ్చి లైను ఆపాల. రేపే.”

“జానెడేగా! ఊఁ అనవయ్యా,” అన్నాడు కామరాజు.

“నాను అననండి. ఎండకి తీగ దిగిపోనాది. మీకు తెల్దేటి?”

కామరాజు గొంతు తగ్గింది. “ఓడ తప్పితే నా ఉద్యోగం పోద్ది దయానందం.”

“అది పోద్ది సార్,” అన్నాడు దయానందం, కర్రను ఒక్కో కణుపే లోపలికి దించుతూ.