కిటికీ మూసిన గోడ

పక్కింట్లో ఎవరైనా గోడకు మేకు కొడితే నేను ఇంట్లో ఉండలేను. చెప్పులేసుకుని బయటికి వెళ్లిపోతాను. నా భార్య కారణం అడగదు, ఆమెకు తెలుసు.

ప్రత్యేక రాష్ట్రం రావడానికి రెండేళ్ల ముందు మాట. కల్లు మానేసి నాకు అప్పటికి నాలుగేళ్లు. ప్రతి గురువారం కామారెడ్డిలో బస్సెక్కి ఎల్లారెడ్డి వెళ్లేవాణ్ణి. అక్కడ మానేసినవాళ్లు, మానాలని తంటాలు పడేవాళ్లు పదిపన్నెండు మందిమి మధ్యాహ్నం పూట కలిసేవాళ్లం. ఎవరు ఎన్ని రోజులు ఆగగలిగారో, ఎక్కడ తడబడ్డారో దాచకుండా చెప్పుకోవడం, అంతే. నన్ను పెద్దమనిషిగా పెట్టుకున్నారు. నా నోరు మంచిది కాదని అందరికీ తెలుసు, అయినా మాట వినేవాళ్లు.

మాకు దొరికిన గది ఒకప్పటి ఎరువుల గోదాం. వెనక గోడకు ఆనుకునే కల్లు దుకాణం, అందుకే కిరాయి తక్కువ. మానేసినవాళ్లకు అంతకంటే మంచి చోటు ఎవరిస్తారు? తలుపు చెదలు తినేసింది. పైన రేకులన్నీ చిల్లులు. వెనక గోడకున్న చువ్వల కిటికీలోంచి పులిసిన వాసన, సీసాల చప్పుడు, నవ్వులు అన్నీ మా మధ్యకే వచ్చేవి.

ఒక గురువారం మాలో ఒకతను, మానేసి పన్నెండు రోజులైనవాడు, అందరం చూస్తుండగానే ఆ చువ్వల మధ్యనుంచి సీసా అందుకున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. రేకులు మారుద్దాం, ఇనుప తలుపు పెడదాం, అన్నిటికంటే ముందు ఈ కిటికీని ఇటుకలతో మూసేద్దాం అన్నాను.

మాలో తాపీ మేస్త్రీ ఒకడున్నాడు. ఏడు నెలలుగా చుక్క ముట్టలేదు. కానీ వాళ్లమ్మ మానలేదు. బీడీలు చుట్టి బతికే మనిషి, భర్త పోయినప్పటి నుంచి రోజూ ఆ వెనక దుకాణంలోనే. ఆ కల్లులో ఏం మందు కలిపేవాళ్లో గానీ, ఒక పూట అందకపోతే ఆమెకు ఫిట్స్ వచ్చేవి. వణుక్కుంటూ దుకాణం దాకా వచ్చి అక్కడే పడిపోయేది. చుట్టూ ఉన్నవాళ్లు పిడికిట్లో ఇనుప తాళాలు పెట్టి ఊరుకునేవాళ్లు. మనిషిని పక్కకు తిప్పి పడుకోబెట్టాలని, లేకుంటే కక్కింది గొంతుకు అడ్డం పడుతుందని ఆస్పత్రిలో కొడుక్కి చెప్పారు. ఆ పని అతనొక్కడే చేసేవాడు. దుకాణంలో సీసాలు కడిగే ఆమె కిటికీ దగ్గరికొచ్చి పిలిస్తే పరుగెత్తేవాడు. అందుకే ఎప్పుడూ కిటికీ పక్కనే కూర్చునేవాడు. ఇదంతా నాకు తెలుసు. తెలియదని చెప్పుకునే వీలు కూడా లేదు నాకు.

ఇటుకలు దించిన రోజు అతను కిటికీ కొలత తీస్తూ ఆగాడు.

"ఒక ఇటుకంత సందు ఇడుస్త అన్నా. గాలి ఆడతది."

"గాలి కాదు, కల్లు వాసనొస్తది. మొత్తం కట్టు."

"అవ్వ ఆడ్నే ఉంటది గద అన్నా."

"ఎన్నాళ్లు ఆమెకు కాపలా కూసుంటవు? ముందు నువ్వు బాగుపడు. గీడ కూసున్నంతసేపు గోడ అవతల ఏమైనా లేవద్దు. లేస్తే మళ్ల రాకు."

కటువుగానే అన్నాను. అతని మేలు కోరే అంటున్నాననుకున్నాను. అతను గోడ లేపాడు. పూత ఎంత నున్నగా తీశాడంటే, అక్కడ కిటికీ ఉండేదని కొత్తవాళ్లకు చెబితే నమ్మేవాళ్లు కాదు. కొత్త రేకులు వచ్చాయి. ఇనుప తలుపు వచ్చింది, లోపల గట్టి గొళ్లెం. నా సంబరానికి అంతులేదు. ఇక ఎవడూ మమ్మల్ని ఏమీ చేయలేడని బస్సులో పక్కనున్నాయనకు కూడా చెప్పాను.

తర్వాత మూడో గురువారం, సదాశివనగర్ నుంచి కొత్తగా వచ్చినతను ఏడుస్తూ తన సంగతి చెబుతున్నాడు. వెనక గోడ మీద చప్పుడైంది. రాయితో కొడుతున్నారు. ఆగింది, మళ్లీ మొదలైంది. అందరూ నావైపు చూశారు.

"తాగినోళ్లు మనల్ని గెలుకుతున్నరు. పట్టించుకోకుండ్రి," అన్నాను.

మేస్త్రీ సగం లేచాడు.

"కూసో."

కూర్చున్నాడు. కాసేపటికి చప్పుడు ఆగిపోయింది. చూశారా, వాళ్లే అలిసిపోయారు అన్నాను. ఆ మాట అన్నందుకు నన్ను నేను ఈనాటికీ క్షమించుకోలేదు.

గంట తర్వాత గొళ్లెం తీయగానే అతను సందు తిరిగి వెనక్కి నడిచాడు. నేనూ వెంట వెళ్లాను. వాళ్లమ్మ వెల్లకిలా పడి ఉంది. గుప్పిట్లో తాళాల గుత్తి. మూతి చుట్టూ ఈగలు. దుకాణం విడిచి వెళితే పని పోతుందని సీసాలు కడిగే ఆమె అక్కడి నుంచే గోడ కొట్టిందట. "ఎంత కొట్టినా పలకకపోతిరి," అంది నా ముఖం చూడకుండా.

దినాలయ్యేదాకా నేను నిద్రపోలేదు. కళ్లు మూస్తే చాలు, ఆ చప్పుడు. మా ఇంటి గోడలోంచి, తలకింది దిండులోంచి. అతను మళ్లీ గదికి వస్తాడని అనుకోలేదు. వచ్చాడు. అందరూ వెళ్లాక అతని చేయి పట్టుకుని ఏడ్చాను. తాగినవాళ్ల అల్లరే అనుకున్నానని, అతనికీ అలాగే అనిపించి ఉంటుందని అన్నాను.

అతను మెల్లగా చేయి విడిపించుకున్నాడు.

"నాకు ఎరుకే అన్నా, అవ్వ కోసమే కొడుతున్నరని. లేస్తే మళ్ల రానియ్యవని కూసున్న."