గుర్రం లేని సిపాయి

నాగర్‌కర్నూల్‌ల నా దోస్తు ఒకడు పాత బొమ్మలు జమచేస్తడు. మొన్న ఆయనకు నా ప్లాస్టిక్ సిపాయిని చూపిచ్చిన. చాయ్‌పత్త ప్యాకెట్ల వచ్చేటివి, మన ఈడోళ్లకు యాదికుంటయి. అమ్మ ప్యాకెట్ కొయ్యంగనే నేనూ అక్కా చెయ్యి పెట్టి దేవులాడేటోళ్లం. రోజంత వేళ్లు చాయ్‌పత్త వాసనొచ్చేటివి.

దోస్తు సిపాయిని తిప్పి, రంగు చూసి, "సిపాయిలు మస్తు దొరుకుతయి. గుర్రంతోని కలిసి ఉంటేనే అరుదు" అన్నడు.

గుర్రం అక్క దగ్గరున్నది. చిన్నప్పుడే పంచుకున్నం. పెద్దయినంక చేను పంచుకునేకాడ మాటలు బందైనయి.

గా బొమ్మ సాకుతోనే అయిజల ఉండే అక్కకు ఫోన్ చేసిన.

"అక్కా, మన గుర్రం ఉన్నదా?"



"గుర్రానికేంది, ఉన్నది. నువ్వెప్పుడొస్తవో చెప్పు, రొట్టెలు చేస్త."