రాజు మాటలున్న కాయితాలు

సౌదీలోని అల్ ఖోబర్‌లో నేను నర్సుగా పనిచేసిన ఆసుపత్రిలో ఒక ఇంగ్లీషు మేట్రన్ ఉండేది. ఉద్యోగం ముగించుకుని, ఫైనల్ ఎగ్జిట్ వీసా మీద వెళ్ళిపోతూ సూట్‌కేసులో పట్టనివన్నీ మాకు పంచింది. మిగతావాళ్ళు గిన్నెలు, దుప్పట్లు తీసుకున్నారు. ఎవరూ ముట్టుకోని లావుపాటి పుస్తకం ఒకటి నేను తెచ్చుకున్నాను. గ్రీకుల కాలం నుంచి మొన్నమొన్నటి దాకా యూరప్‌లో ఆడిన నాటకాలు అందులో ఉన్నాయి. మా ఊరి చర్చిలో క్రిస్మస్ నాటికలు తప్ప నేను నాటకమన్నది ఎరగను. అందుకే మొదటి పేజీ నుంచి మొదలుపెట్టాను.

చదివింది ఎవరికైనా చెప్పకుండా ఉండలేని అలవాటు నాది. మా తమ్ముడు రెండు గంటల దూరంలోని హుఫూఫ్‌లో ఒక నిర్మాణ కంపెనీలో ఎలక్ట్రీషియన్. అమ్మా నాన్నా పోయాక మిగిలింది మేమిద్దరమే. గురువారం సాయంత్రం బస్సెక్కి మా ఇంటికి వచ్చేవాడు. శుక్రవారం జుమ్మా నమాజు అయ్యాక కింది వాటాలో ఉండే భాయ్, ఆయన భార్య భాభీ బిర్యానీ గిన్నెతో పైకి వచ్చేవాళ్ళు. భాయ్‌ది తెలంగాణ. వేరే కంపెనీలో అరబ్బీలో నడిచే ప్రభుత్వ కాయితాల పని చూసేవాడు. తిన్నాక పేకాడటం మా ఆయనకు ఇష్టం లేదు. అలా నాటకాలు చదవడం మొదలైంది.

పుస్తకం ఒక్కటే, అదీ ఇంగ్లీషులో. నైట్ డ్యూటీ లేని రోజుల్లో పాత రోస్టర్ల వెనక వైపు నేను తెలుగులో రాసేదాన్ని. అలంకారంగా ఉన్నచోట మామూలు మాట పెట్టేదాన్ని. నాటకమంతా ఐదుసార్లు రాయడానికి నాకు ఓపిక లేదు. అందుకని ఎవరి మాటలు వాళ్ళకే రాసిచ్చాను. ముందు మనిషి అనే చివరి రెండు మూడు మాటలు మాత్రం పైన గుర్తుకు రాసేదాన్ని. దాంతో ఎవరి చేతిలోనూ కథ మొత్తం ఉండేది కాదు. మిగతాది చెవులతో విని తెలుసుకోవలసిందే.

భాయ్ చదివింది ఉర్దూ మీడియం. తెలుగు గలగలా మాట్లాడతాడు కానీ చదవలేడు. నేను చెబుతుంటే తన తెలుగు మాటల్ని ఉర్దూ లిపిలో కుడి నుంచి ఎడమకు రాసుకునేవాడు. ఆ కాయితం నేను చదవలేను. నా కాయితం ఆయన చదవలేడు.

ఒక పిసినారి ముసలివాడి నాటకంతో బాగా నవ్వుకున్నాక, ఒక పాత గ్రీకు నాటకం పట్టుకున్నాం. యుద్ధంలో చచ్చిపోయిన ఒకణ్ణి పూడ్చిపెట్టకూడదని రాజు ఆజ్ఞ. అతని అక్కచెల్లెళ్ళలో ఒకామె పూడ్చి తీరతానంటుంది. రాజు పాత్ర భాయ్‌ది. ఆ అమ్మాయి పాత్ర నాకొద్దన్నాను, గొంతు పెంచి మాట్లాడటం నాకు చేతకాదు. భాభీ సిగ్గుపడింది. చివరికి తమ్ముడు తీసుకున్నాడు.

"ఏం చెల్లే, ఆ మీసాలు గీసుకొని రారాదు?" అన్నాడు భాయ్.

"రాజుగారూ, ముందా కోడి కాలు నమలటం ఆపి శిక్ష వెయ్యండి. ఏమంటున్నారో తెలిసి చావట్లేదు," అన్నాడు వాడు.

కానీ మాటలు మొదలుపెట్టాక ఎవరూ నవ్వలేదు. వాడు గొంతు మార్చలేదు. స్విచ్ బోర్డు ఎందుకు పనిచెయ్యట్లేదో చెప్పేటంత మామూలుగా, ఎందుకు పూడ్చాలో చెప్పాడు. ఆ శుక్రవారానికి నేను రాసింది మూడొంతులే. భాయ్ కాయితాలు రాజు మనసు మార్చుకుని, చేసింది సరిదిద్దడానికి బయల్దేరే చోట ఆగిపోయాయి.

"బయల్దేరిండు సరే, టైంకి చేరిండా?"

"వచ్చే వారం," అన్నాను.

సోమవారం పొద్దున హుఫూఫ్ నుంచి తమ్ముడి గదిలో ఉండే అబ్బాయి ఫోన్ చేశాడు. నిద్రలోనే పోయాడని చెప్పాడు. వాడికి ముప్పై రెండేళ్ళు.

నేనూ మా ఆయనా వెళ్ళాం. వాడి కంపెనీ మనిషి మర్యాదగానే ఉన్నాడు, కుర్చీ వేసి టీ ఇప్పించాడు. అరబ్బీలో ఉన్న కాయితాలు రెండు ముందుపెట్టి సంతకాలు చెయ్యమన్నాడు. మా ఇద్దరికీ అరబ్బీ మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. ఆసుపత్రిలో ఏళ్ళ తరబడి, చూపించిన చోట సంతకం చెయ్యడమే నా అలవాటు. చేసేశాను.

సాయంత్రం మేం ఇంటికి తిరిగొచ్చాక భాయ్, భాభీ అన్నం తెచ్చారు. బల్లమీద ఉన్న నకళ్ళు భాయ్ చేతిలోకి తీసుకున్నాడు. రెండోది రెండుసార్లు చదివాడు.

"అక్కా, తమ్ముణ్ణి ఈడనే పూడ్చెయ్యాల్ననుకున్నరా?"

"లేదు భాయ్. అమ్మ పక్కన. ఊళ్ళో."

"ఈ కాయితంల ఈడనే పూడ్చుండ్రి అని ఉన్నది. మీరే ఒప్పుకున్నట్టు. రేపు ఇది బలదియాకు, అంటే మునిసిపాలిటీకి పోతది. పోయినంక ఆపుడు నాతోని గాదు."

భాభీ నా చెయ్యి పట్టుకుని కూర్చుంది.

మర్నాడు తెల్లారకముందే భాయ్ కారులో బయల్దేరాం. ముందు సీట్లో మా ఆయన, వెనక నేను. రోడ్డు మీద ఎండ పడ్డాక భాయ్ అడిగాడు.

"అక్కా, ఆ రాజు టైంకి చేరిండా?"

అబద్ధం చెప్పాలనిపించింది. చెప్పలేకపోయాను. "లేదు భాయ్. ఆలస్యమైంది."

ఆయన పెట్రోలు కోసం ఆగుదామనుకున్న చోట ఆగలేదు.

తమ్ముడి కంపెనీ ఆఫీసు తలుపు తీసేసరికి మేం మెట్ల మీద ఉన్నాం. ఆ కాయితం ఇంకా అక్కడి పై అధికారి బల్లమీదే ఉంది. భాయ్ అరబ్బీలో నెమ్మదిగా చెప్పాడు, ఈమె చదవకుండా సంతకం చేసింది అని. ఆ అధికారి నా వైపు చూడకుండా, చనిపోయినతను ఈమెకు ఏమవుతాడని అడిగాడు.

"తమ్ముడు," అన్నాను, నాకొచ్చిన అరబ్బీలో. గొంతు పెంచలేదు. "మా అమ్మ పక్కన పూడ్చాలి."

ఆయన ఆ కాయితం పక్కన పెట్టి, సొరుగులోంచి ఇంకొకటి తీశాడు. దాన్ని భాయ్ పైనుంచి కింది దాకా చదివి నాకు తెలుగులో చెప్పాకే సంతకం చేశాను.

తర్వాత పోలీసు కాయితం, వీసా ఇచ్చిన యజమాని, అంటే కఫీల్ సంతకం, రియాద్‌లో ఎంబసీ ఉత్తరం. భాయ్ తన సెలవులన్నీ వీటికే వాడేశాడు. తమ్ముణ్ణి ఊరికి తీసుకెళ్ళాను. అమ్మ సమాధి పక్కన మట్టి వేసిన మొదటి చెయ్యి నాది.

నేను తిరిగి వచ్చిన మొదటి శుక్రవారం బిర్యానీ గిన్నె ఎప్పటిలాగే పైకి వచ్చింది. తిన్నాక, ఊళ్ళో ఉండగా రాసిన మిగతా కాయితాలు తీశాను. మొదలుపెట్టింది పూర్తి చెయ్యాలని. రాజు మాటలు చెబుతాను, రాసుకోమన్నాను.

"నాకొద్దక్కా," అన్నాడు భాయ్.

"ఏమైందో మీకు తెలుసుగా."

"ఎరికే. నువ్వే చెప్తివి గద. గని నా కాయితాల్ల ఆయన ఇంక దార్లనే ఉన్నడు. ఉండనీ."

ఆ తర్వాత వేరే నాటకాలు చదివాం. ఆ ఊరు వదిలి వచ్చేటప్పుడు ఆయన్ని ఒక్కటే అడిగాను. రాజు మాటలున్న ఆ నాలుగు కాయితాలు ఇచ్చాడు. ఇప్పటికీ నేను వాటిని చదవలేను. చివరి కాయితంలో చివరి వరుస ఏదో మాత్రం తెలుసు.