కూత ఆగితేనే బొబ్బర్లు

మొన్న నిజామాబాద్‌లో, నా అద్దె గదిలో, కుక్కర్ మూత తీయగానే ఉడికిన బొబ్బర్ల వాసన ముఖానికి కొట్టింది. దాని వెంట రావలసిన చక్కెర ఫ్యాక్టరీ మొలాసిస్ కంపు మాత్రం రాలేదు. బోధన్ పక్క పల్లెలో పెరిగిన మాకు చిన్నప్పుడు ఆ రెండూ కలిపి ఒకటే వాసన. చలికాలమంతా చెరుకు బండ్ల వెంట పరుగెత్తి గడలు లాగడం, పసుపు ఉడికే కడాయిల పక్కన చేతులు కాచుకోవడం, ఉప్పూ కారం చల్లిన బొబ్బర గుడాలు గౌను జేబులో పోసుకుని బడికి పోవడం: మధ్యలో తీరిక దొరికితే చదువు.

ఆ బొబ్బర్లు ఎప్పుడు విత్తాలో మా ఇంట్లో క్యాలెండర్‌ని అడిగేవాళ్లు కాదు. మా మడి వాగు పక్కన, పల్లంలో ఉంటుంది. ఊళ్లో చలి తగ్గినా అక్కడ అది దిగి కూర్చునేది. తొందరపడి మొలిచిన ఆకును మాడ్చేది. అందుకే అవ్వ, అంటే మా నాన్నమ్మ, బాపు తల్లి, మాఘంలో రోజూ తెల్లవారకముందే గట్టు మీద నిలబడి, చెవి మీది కొంగు తీసి, బోధన్ చక్కెర ఫ్యాక్టరీ కూత కోసం వినేది. గాలి కదలకుండా, చలి నేలకు పరుచుకుని ఉంటేనే కూత అంతదూరం వస్తుంది. అది వినపడడం ఆగితేనే విత్తనం. ఫిజిక్స్ చదివాక సరిచూశాను. అవ్వ పాసైంది.

తర్వాత ఫ్యాక్టరీ మూతపడింది. ఆ మాఘంలో కూడా అవ్వ గట్టు మీది నుంచి వచ్చి, "ఇయ్యాల గూడ కూసింది. ఇత్తనం ముట్టకుండ్రి," అంది.

"ఫ్యాక్టరీకి తాళమేసిండ్రు గదనే అవ్వా," అని బాపు నవ్వాడు. "నీ చెవులకు గూడ ఒకటెయ్యాలె."

"తాళం గేటుకేసిండ్రు. కూతకెవలేసిండ్రు?"

ఆ విత్తనాలు అవ్వ పుట్టింటి నుంచి తెచ్చుకున్న ఎర్ర బొబ్బర్లు, బూడిద కలిపి కుండలో దాచినవి. పోతే మళ్లీ దొరకవు. బాపు సగం తీసుకుపోయి విత్తాడు. మొలకలు రెండాకులు వేశాక ఒక పొద్దున మడి మీద ఎవరో తెల్లటి దుప్పటి కప్పినట్టుంది. ఎండెక్కేసరికి ఆకులన్నీ వేడినీళ్లు పోసినట్టు నల్లబడ్డాయి. అవ్వ మాత్రం రోజూ గట్టు మీదికి పోతూనే ఉంది. కొన్నాళ్లకు "ఇయ్యాల లేదు," అని మిగిలిన సగం తనే విత్తింది. ఆ ఏడు బొబ్బర గారెలు బాపు అందరికంటే ఎక్కువే తిన్నాడు, తల మాత్రం ఎత్తలేదు.

ఇప్పుడు అవ్వ లేదు. చెరుకు బండ్లు లేవు. నా కుక్కర్‌లోవి బజారు బొబ్బర్లు. ఊళ్లో ఆ కుండ మాత్రం ఉంది, ఈ ఏడు ఇంకా మూత విప్పలేదు. పోయిన ఆదివారం వెళ్లినప్పుడు, తెల్లవారుజామున బాపు గట్టు మీద నిలబడి, చెవి మీది మఫ్లర్ తీసి ఉన్నాడు. పక్కన నేనూ నిలబడ్డాను. నాకు వాగు చప్పుడు కూడా వినపడలేదు.

"ఇత్తుదామా బాపూ?"

బోధన్ వైపు నుంచి చూపు తిప్పకుండానే, "కూసేటప్పుడు మాట్లాడకు బిడ్డా," అన్నాడు.